మబ్బులు పితికేందుకు యువత కావలెను

నమోదు 1
ఆకాశం: నిర్మలం. మబ్బులు: గుంజల దగ్గరే. యువత: నేను.

నింగిగట్టు మేఘ కేంద్రంలో యువ ప్రతిభా ఆకర్షణాధికారిగా పనిచేస్తున్న నేను, అనగా పైడిరాజు, విజయనగరం వాస్తవ్యుణ్ణి, ఈ దినచర్యను బరువెక్కిన హృదయంతోనూ అంతకంటే బరువెక్కిన పొట్టతోనూ ప్రారంభిస్తున్నాను. పొట్ట సంగతి తర్వాత.

ఈ ఉదయం మేఘ మండలి నుంచి తాఖీదు వచ్చింది. కార్తీకంలో తనిఖీ. ఆ రోజున ముప్పై ఏళ్ళలోపు వాళ్ళు ముగ్గురు ఇక్కడ పనిచేస్తూ, వేళ్ళు నాని ముడతలు పడి కనిపించాలట. మబ్బులు పితికేవాళ్ళ వేళ్ళు ఎప్పుడూ నానే ఉంటాయి కాబట్టి మండలివారు సర్టిఫికెట్లు అడగరు. చేతులు చాపమంటారు, అంతే. ముగ్గురు కనిపించకపోతే మన మబ్బులన్నిటినీ సముద్రతీర కేంద్రానికి తోలుకుపోతారు. సముద్రం పక్కనున్నవాళ్ళకు మబ్బులెందుకు అని అడగకూడదు. వాళ్ళ దగ్గర యువత ఉంది.

నేను తాఖీదు చదివే వేళకు ఓబుళమ్మ మొండిదాన్ని పితుకుతోంది. మొండిది అంటే మబ్బు. ఓబుళమ్మ అంటే ఇక్కడి పెద్ద పితుకుడుమనిషి. గట్టు కింది ఊళ్ళన్నీ ఆమె చేతి నీళ్ళే తాగుతాయి. పలుపు పట్టుకుని పక్కన నిలబడినవాడు తిప్పేస్వామి, ఆమె తమ్ముడు.

"ముగ్గురా," అంది ఓబుళమ్మ చెయ్యి ఆపకుండా. "యాడనుంచి తెస్తాము ముగ్గుర్ని. మాలో చిన్నోడంటే ఈ తిప్పేస్వామే. మొన్ననే డెబ్బై నిండె."

"అరవై తొమ్మిది," అన్నాడు తిప్పేస్వామి.

"నోరు మూసుకోని తాడు పట్టుకోరా ఎనుబోతా. మబ్బు ఆ పక్కకి పోతాంటే ఈ పక్క వయసు లెక్కపెడ్తాండాడు."

"నువ్వు సక్కగా పితికితే అదెందుకు పోతాది. నీ గొంతు ఇని పారిపోతాంది."

ఆమె అతని మీదికి ఉప్పుదాణా చేట విసిరింది. అతను తప్పుకున్నాడు. మొండిది దాణా వాసనకు కిందికి దిగింది. ఇదంతా మామూలే. అప్పుడామె నావైపు తిరిగింది. ఆ గొంతే బెల్లంపాకం అయిపోయింది.

"ఆఫీసరు సామీ, నువ్వెందుకప్పా ఎండలో నిలబడుకోనుండావు. నీడకు పోయి కూచో. ఓళిగలు చేసినా, రెండు తిను."

పొట్ట సంగతి ఇదీ. ఓళిగలంటే మా వైపు బొబ్బట్లు.

వెళ్ళబోతుంటే ఆమె మొండిదాని అడుగు నిమురుతూ, ఎవరితోనూ కాకుండా అంది: "ఆడ సముద్రం కాడ మరపెట్టి పిండుతారంట. మాట్లాడరంట మబ్బుతో. పలకరించేవాళ్ళు లేక ఇది సచ్చిపోతాది."

నేను మూడు ఓళిగలు తిన్నాను. బాధతోనే.

నమోదు 2
ఆకాశం: అలాగే. యువత: అలాగే.

అత్యవసర సమావేశం. ప్రాంతీయ మానవ వనరుల కొరత మీద కాలేజీలో నేను సమర్పించిన లావుపాటి పరిశోధన పత్రంలోంచి సారాంశం వినిపించాను. యువత ఒక ప్రాంతానికి రావాలంటే మూడు కావాలి: మంచి కాఫీ, బీన్ బ్యాగు, ఎదుగుదల.

"ఎదుగుదలంటే?" అన్నాడు తిప్పేస్వామి.

"పైకి పోవడం."

"మబ్బుల కాడ అది శానా సులువు గదప్పా. పలుపు ఒదలకుంటే సరి."

బీన్ బ్యాగు ఆయనే తయారుచేశాడు. గోనెసంచిలో చెనక్కాయ పొట్టు కూరి నోరు కుట్టేశాడు. కూర్చుంటే కరకరమంటుంది, లేస్తే వెంట వస్తుంది. కాఫీకి మాత్రం మాట్లాడే యంత్రం ఒకటి తెప్పించాను. అది మీట నొక్కగానే "నమస్కారం, ఈ రోజు మీ మనసు ఎలా ఉంది?" అంటుంది. జవాబు చెప్పేదాకా కాఫీ పోయదు.

కేంద్రంలో టముకు వేసే డ్రోనుకు ప్రకటన నేర్పించి నగరాల మీదికి వదిలాను. పాఠం నాదే: "విశాలమైన ఆకాశం, విశాల హృదయాలు, అపరిమిత కాఫీ. నింగిగట్టు మిమ్మల్ని కౌగిలించుకొనుటకు వేచియున్నది." చివరి వాక్యానికి తిప్పేస్వామి కాస్త సిగ్గుపడ్డాడు.

నమోదు 3
ఆకాశం: నిర్మలం. యువత: ఐదుగురు. ఈ వాక్యాన్ని మరోసారి రాయాలనిపిస్తోంది. యువత: ఐదుగురు.

వచ్చారు. ఊరేగింపుతో తీసుకొచ్చాం. కాళ్ళకు నీళ్ళిచ్చాం. కింది ఊళ్ళకు పోయే నీళ్ళలోంచి ఇచ్చాం కాబట్టి దాన్ని త్యాగం అనాలి. ఐదుగురికీ పట్టెమంచాలు, కొత్త దుప్పట్లు.

వాళ్ళలో సువార్త అని ఒంగోలమ్మాయి ఉంది. చంద్రుడి మీద పైపులు బాగుచేసేదట.

"అక్కడ జీతం బాగుంటుంది కదా," అన్నాను, అధికారిగా.

"బాగుంటుందండి. కానీ పైకి చూస్తే నల్లగా ఉంటుంది. ఎప్పుడు చూసినా నల్లగానే. మబ్బుల దగ్గర పని అని విని పరిగెత్తుకొచ్చాను."

చెబుతూనే ఆమె చుక్కి పలుపు మీద చెయ్యి వెయ్యబోయింది. చుక్కి మా మబ్బుల్లోకెల్లా సాధువు. ఓబుళమ్మ ఎక్కడినుంచో గద్దలా వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"అయ్యో తల్లీ, నీకెందుకమ్మా ఈ పని. ఇప్పుడే గదా వచ్చినావు. చేతులు కందిపోతాయి. రా, ఉగ్గాని తిందువు."

ఎంత ప్రేమ. ఇలాంటి చోటు వదిలి యువత ఎక్కడికి పోతుంది అని గర్వపడుతూ నిద్రపోయాను.

నమోదు 4
ఆకాశం: నిర్మలం. యువత: కరుగుతోంది.

నలుగురు వెళ్ళిపోయారు. బాధ్యతాయుతమైన అధికారిగా వెళ్ళేవాళ్ళందర్నీ గేటు దగ్గర ఆపి కారణం అడిగాను.

మొదటివాడు: "అత్తారింట్లో ఉన్నట్టుందన్నా. నాకింకా పెళ్ళి కాలేదు."

రెండో ఆమె: "చేట అందుకుంటే లాక్కుంటున్నారు. దాణా వేస్తానంటే వద్దంటున్నారు. నేను ఉద్యోగానికి వచ్చానా, ఒడిబియ్యానికి వచ్చానా?"

మూడోవాడు మాట్లాడలేదు. నోట్లో ఓళిగ ఉంది.

నాలుగోవాడు చంద్రుడి మీద రాళ్ళు మోయడానికి పోతున్నానన్నాడు. "అక్కడ కనీసం మొయ్యనిస్తారు," అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఈ అభిప్రాయాలన్నిటినీ లోతుగా విశ్లేషించి ఒక నిర్ణయానికి వచ్చాను. కాఫీ సరిపోలేదు.

నమోదు 5
ఆకాశం: నిర్మలం. యువత: సువార్త, నేను. నేను అన్నది సందేహాస్పదం; వివరణ కింద.

సాయంత్రం సువార్త బీన్ బ్యాగు మీద కూర్చుంది. కరకర ఆగాక అడిగింది.

"మీరిక్కడికి వచ్చి ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు."

"ఈ ఉద్యోగానికే వచ్చారా?"

"లేదు. మబ్బులు పితకడానికే వచ్చాను." ఇది నా నోటినుంచి వచ్చాక నేనే విన్నాను.

"మరి ఎన్ని పితికారు?"

జరిగింది గుర్తుచేసుకున్నాను. మొదటి రోజు పలుపు పట్టుకోబోయాను. ఓబుళమ్మ నా చెయ్యి పట్టుకుని, "సదువుకున్న బిడ్డవు, నీకెందుకప్పా ఈ తడిపని," అని కుర్చీ వేసింది. కుర్చీలో ఖాళీగా కూర్చుంటే బాగుండదని తిప్పేస్వామి బల్ల తెచ్చాడు. బల్ల ఉంటే పదవి ఉండాలని అందరూ కలిసి ఒక పదవి తెచ్చారు. అంటే నేను యువ ప్రతిభను ఆకర్షించే అధికారిని కాను. వచ్చి ఇరుక్కుపోయిన మొదటి యువ ప్రతిభను.

నా వేళ్ళు చూసుకున్నాను. అప్పడాల్లా ఉన్నాయి. తడి తగలని, నూనె తగలని అప్పడాలు.

"ఎన్నంటే," అన్నాను. "మీరు కాఫీ తాగుతారా?"

నమోదు 6
ఆకాశం: పడమట చిన్న మచ్చ. యువత: ఆలోచనలో ఉంది.

కాఫీ యంత్రం పాడైంది. తిప్పేస్వామి దాన్ని తడుతూ అంటున్నాడు: "పనికిమాలిందానా, కాఫీ అడిగితే మనసెట్లుండాదంటావు. నీ మనసుకు మన్ను కొట్ట. పోస్తావా, పగలగొట్టేదా?"

యంత్రం పోసింది. పైగా, "పోస్తాన్లే, అరవద్దు," అంది. వారంలో దానికి ఇక్కడి యాస కూడా వచ్చేసింది.

సువార్త నా మోచెయ్యి పొడిచింది. "చూశారా? దాన్ని తిట్టారు."

"అయితే?"

"నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. మిమ్మల్ని?"

మూడేళ్ళ జీవితం కళ్ళముందు తిరిగింది. ఒక్క తిట్టు లేదు. ఇక్కడ మనుషులు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు. మబ్బుల్ని తిడతారు. దారినపోయే కాకిని తిడతారు. నిన్నగాక మొన్న వచ్చిన కాఫీ యంత్రాన్ని తిట్టారు. మమ్మల్ని మాత్రం తిట్టరు.

తిప్పేస్వామిని నిలదీశాను. ఆయన చాలాసేపు తలపాగా సర్దుకున్నాడు.

"అట్లడిగితే ఎట్ల చెప్పేదప్పా. మబ్బు పితకడం మంచిమాటలతో వస్తాదా? మా యబ్బ నాకు నేర్పిచ్చినప్పుడు ఒక్కో ఏలికి ఒక్కో తిట్టు తిట్టె. యాడ గట్టిగ పట్టాల, యాడ ఒదలాల, అన్నీ తిట్లలోనే ఉంటాయి. తిట్టకుండా చెప్పడం మాకు రాదు."

"మరి తిట్టండి."

ఆయన మొహంలో నిజమైన భయం చూశాను. "మిమ్మల్నా? యాడనుంచో మా కోసరం వచ్చిన బిడ్డల్ని? మనోళ్ళను తిట్టుకుంటాం గానీ వచ్చినోళ్ళను తిడితే మర్యాదుంటాదా? కళ్ళు పోవూ?"

అదీ సంగతి. తిడితేగానీ పని రాదు. మనవాళ్ళయితేగానీ తిట్టరు. పని చేస్తేగానీ మనవాళ్ళు కారు. నా పరిశోధన పత్రంలో ఈ అధ్యాయం లేదు.

నమోదు 7
ఆకాశం: మచ్చ పెద్దదైంది. యువత: దుర్మార్గంగా ప్రవర్తించుచున్నది.

తిట్లు సంపాదించడానికి మేమిద్దరం చిత్తశుద్ధితో కృషి చేశాం.

చెప్పులతో మబ్బుల దొడ్లోకి నడిచాను. ఇక్కడ అంతకంటే ఘోరం లేదు. ఓబుళమ్మ నా కాళ్ళు చూసి, పెదవి కొరుక్కుని, "రాళ్ళు గుచ్చుకుంటాయని ఏసుకున్నాడేమో బిడ్డ," అని దొడ్డంతా చాపలు పరిపించింది.

తిప్పేస్వామి పడుకునే మంచం మీద నేను పడుకున్నాను. ఆయన వచ్చి విసనకర్రతో విసిరాడు.

సువార్త ఇంకా ముందుకు పోయింది. ఓబుళమ్మ నూరిన ఊరిబిండి పచ్చడి నోట్లో పెట్టుకుని, అందరి ముందూ, "ఇందులో ఏదో తక్కువైందండి. రుచి అనుకుంటా," అంది. ఓబుళమ్మ ముఖం ఎర్రబడింది. పెదవులు కదిలాయి. వస్తోంది, వస్తోంది అనుకున్నాం. కళ్ళనీళ్ళు వచ్చాయి. "చెనక్కాయలు ఎక్కువ ఏగినాయేమో తల్లీ," అని మళ్ళీ నూరడానికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి సువార్త అన్నం తినలేదు. నాకూ ఓళిగ సహించలేదు. రెండోది.

చివరి అస్త్రంగా అధికారిక ఉత్తర్వు జారీ చేశాను: కేంద్ర సభ్యులందరూ రోజుకొక్కసారి యువతను విధిగా తిట్టవలెను. తిట్లు కూడా నేనే రాసిచ్చాను. వరసలో నిలబడి చదివారు.

"నాయనా పైడిరాజూ," అని తిప్పేస్వామి కాగితం దూరంగా పెట్టుకుని చదివాడు, "నువ్వు అడ్డగాడిదవు... అంట. ఏమనుకోవద్దు. నేను రాసింది గాదు."

ఓబుళమ్మ కాగితం చేత్తో కూడా ముట్టుకోలేదు. "ఇట్లాంటి మాటలు బిడ్డలకు ఎవురు నేర్పిచ్చినారో," అంది నావైపు జాలిగా చూసి.

రేపే తనిఖీ. వేళ్ళు నానబెట్టే గంగాళం ఒకటి సిద్ధం చేద్దామా అని తిప్పేస్వామి సలహా ఇచ్చాడు. గంగాళంలో ఎంతసేపు నానినా మేమిద్దరమే. మూడోవాడిగా కాఫీ యంత్రాన్ని నిలబెడదామంటే దానికి వేళ్ళు లేవు.

ఓబుళమ్మ చీకటి పడేదాకా దొడ్లోనే ఉంది. మొండిదాన్ని తిడుతూ ఉంది. ఆ తిట్లు వింటుంటే ఎవరో లాలిపాట పాడుతున్నట్టుంది. నాకు కాదు.

నమోదు 8
ఆకాశం: చెప్తాను. యువత: చెప్తాను.

తనిఖీ అధికారిణి పొద్దున్నే దిగింది. గొడుగు, కళ్ళద్దాలు, చంకలో ఫైలు. ఇంకేముంది, ఊరు ఊరంతా ఆమె చుట్టూ చేరింది. ఒకరు కాళ్ళకు నీళ్ళు, ఒకరు పట్టెమంచం. తిప్పేస్వామి చేతిలో పలుపు వదిలేసి ఓళిగల పళ్ళెం పట్టుకున్నాడు. మర్యాదలో ఆయన్ని మించినవాడు లేడు. గుంజల దగ్గర ఒక్కరూ లేరు.

"పనిచేసే యువకులు ముగ్గురు ఎక్కడ?" అంది అధికారిణి ఓళిగను తప్పించుకుంటూ.

జవాబుగా మొండిది తెగించింది.

పడమటి గాలి ఒక్క ఊపు ఊపింది. గుంజ పెళ్ళగించుకుని, పలుపు నేలమీద ఈడ్చుకుంటూ, నల్లగా ఉబ్బి, మొండిది గట్టు అంచు వైపు లేచింది. ఆ అంచు దాటితే సముద్రందాకా ఆపేవాళ్ళు లేరు.

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే కుర్చీలోనే ఉండేవాణ్ణి. పరిగెత్తి పలుపు మీద పడ్డాను. నా మీద సువార్త పడింది. మబ్బు మమ్మల్ని మోకాలెత్తు లేపింది. ఇంకా లేపబోయింది. లేపలేకపోయింది. మూడేళ్ళపాటు నాలో పేరుకున్న ఓళిగలన్నీ ఆ క్షణంలో ఈ ప్రాంతం రుణం తీర్చుకున్నాయి. మొండిది నన్ను మొయ్యలేక మెల్లగా కిందికి వచ్చింది.

ఆనందంతో పలుపును బలంకొద్దీ లాగాను.

"ఒరే పైడిగా."

గట్టు గట్టంతా ఆ గొంతు వినిపించింది.

"నీ జిమ్మడ, చేతులా అయి చింతమొద్దులా? మబ్బు గొంతు పిసుకుతాండావు గదరా సోంబేరీ. మూడేండ్లు కూచోబెట్టి మేపితే తాడు పట్టేది గూడ రాకపాయె నీకు. ఒదులు, ఒదులురా. అంతా గాదు ఎనుబోతా, చిటికెనేలు ఒదులు. ఏమ్మే సువార్తా, నువ్వేం జూస్తాండావు, వాని మీద పండుకోనీకి వచ్చినావా చంద్రుని మీంచి? అడుగు నిమురు. అట్ల గాదే మొద్దూ, కిందినుంచి పైకి. నా ఊరిబిండికి వంక పెట్టే నోరుండాది గానీ నిమిరే చెయ్యిలేదు దీనికి."

మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. నవ్వు ఆగలేదు.

"ఇగిలిచ్చేది సాలు. మాట్లాడు దాంతో. మాట్లాడితేనే చేపుతాది."

మబ్బుతో ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. నోటికి వచ్చింది నా పరిశోధన పత్రం ఒక్కటే. "ప్రాంతీయ మానవ వనరుల కొరతకు గల కారణములను స్థూలముగా మూడు తరగతులుగా విభజింపవచ్చును," అని మొదలుపెట్టాను. రెండో తరగతికి రాకముందే మొండిది గడగడ వణికి చేపింది. ఏడ్చింది అనాలేమో. నీళ్ళు, నీళ్ళు. పట్టడానికి బానలు లేవు.

ఓబుళమ్మ వెనక్కి తిరిగింది. ఎదురుగా గొడుగు కనిపించింది.

"నువ్వేందే, గొడుగు పట్టుకోని పెండ్లి జూస్తాండావు? కాళ్ళు లేవా? ఆ బానలు అందుకో. బిరీన రా, నీళ్ళన్నీ నేలపాలైతాంటే."

అధికారిణి గొడుగు పారేసింది. ఫైలూ పారేసింది. బాన తెచ్చింది, ఇంకొకటి తెచ్చింది, బాన వంచి పట్టిందని తిట్లు తిని సరిచేసుకుని మళ్ళీ తెచ్చింది. మొండిది ఖాళీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అందరం తడిసి ముద్దయ్యాం.

అప్పుడు ఓబుళమ్మకు తను ఎవరిని తిట్టిందో తెలిసింది. కొంగు నోట్లో కుక్కుకుని తిప్పేస్వామి వెనక దాక్కుంది.

అధికారిణి కళ్ళద్దాలు తుడుచుకుంది. "చేతులు చాపండి," అంది.

నేను చాపాను. పదివేళ్ళూ ఎండుద్రాక్షలు. ఇంత అందమైన వేళ్ళు నాకు ఉన్నాయని తెలియదు. సువార్త చాపింది. ఇంకెవరూ చాపలేదు. తిప్పేస్వామి మెల్లగా మొండిదాన్ని ఇంకో గుంజకు కట్టడం మొదలుపెట్టాడు, తోలుకుపోయేవాళ్ళకు ఇవ్వడానికి వీలుగా.

అధికారిణి తన చేతులు చూసుకుంది. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నాకు ఇరవై ఎనిమిది," అంది. "ముగ్గురు పనిచేస్తూ కనిపించాలని నిబంధన. కనిపించారు. వాళ్ళు ఎవరై ఉండాలో నిబంధనలో లేదు."

తడిసిన ఫైలు మీదే సంతకం చేసింది. ఓబుళమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది. "తల్లీ, నోరు జారినా, ఏమనుకోవద్దు. రెండు ఓళిగలు..."

"ఓళిగలు తర్వాతండీ," అంది అధికారిణి. "బాన ఎలా పట్టుకోవాలన్నారు? ఆ ముక్క మళ్ళీ తిట్టరా."

ఓబుళమ్మ తిట్టింది.

నమోదు 9
ఆకాశం: నిండుగా. యువత: లెక్కపెట్టే తీరిక లేదు.

వచ్చే ఏడాది తనిఖీకి ముగ్గురూ మా వాళ్ళే ఉండాలి కాబట్టి టముకు డ్రోనుకు కొత్త ప్రకటన నేర్పించాను. రెండే మాటలు.

"రండి. తిడతాం."

దరఖాస్తుల బరువుకు డ్రోను వంకరగా ఎగురుతూ తిరిగొచ్చింది. చంద్రుడి మీద రాళ్ళు మోస్తున్న నాలుగోవాడు కూడా రాశాడు: నిజమేనా అన్నా, మోసం కాదు కదా.

తిప్పేస్వామికి ఇప్పటికీ వచ్చినవాళ్ళను తిట్టాలంటే నోరు రాదు. అందుకని కాఫీ యంత్రాన్ని గేటు దగ్గర పెట్టాం. మొదటి తిట్టు అది తిడుతుంది. అది విని ఆయన ధైర్యం తెచ్చుకుని రెండోది అందుకుంటాడు. నా కుర్చీ మీద ఇప్పుడు ఉప్పుదాణా బస్తా కూర్చుంది. ఆకర్షణాధికారి పదవికి అదే సరైన అభ్యర్థి అని నా అభిప్రాయం.

ఈ నమోదులో అక్షరాలు అలుక్కుపోయినందుకు మన్నించాలి. వేళ్ళు తడి. ఇంకా వివరంగా రాద్దామనుకున్నాను గానీ దొడ్లోంచి ఓబుళమ్మ కేకేస్తోంది: "ఒరే పైడిగా, ఆ రాసింది సాలు గానీ చుక్కి పొద్దుటినుంచి నీ కోసరం బిగబట్టుకోనుండాది. వస్తావా, నేనొచ్చేదా?"

ఆమె వచ్చేదాకా కూర్చుందామని ఉంది. ఇంకో తిట్టు తినొచ్చు.